బొమ్మ చూచి మాట, మాట చూచి అక్షరము



ఈ నెల పాఠమునకు చిన్నపిల్లల బొమ్మల పుస్తకమును తీసికొనుచున్నాము. ఇది బడిపంతులు పని గదా, సంఘమునకు దీనితో ఏమి నిమిత్తమని కొందరనవచ్చును. అయితే బొమ్మలతో చదువు నేర్పు పుస్తకములలో మిక్కిలి పేరుపొందిన దానిని వ్రాసినవాడు ఒక బిషప్పే.

ఆయన పేరు యోహాను ఆమోస్ కొమేనియస్. ఇప్పుడు చెక్ దేశములో చేరియున్న మొరేవియాలో 1592లో పుట్టెను. చిన్నతనముననే తల్లిదండ్రులను పోగొట్టుకొనెను. పెద్దవాడై సహోదరుల సంఘమునకు కాపరియై యుండగా యుద్ధము వచ్చి, 1621లో ఇల్లు విడిచి పారిపోయెను. మరుసటి ఏట భార్యయు ఇద్దరు బిడ్డలును తెగులువలన చనిపోయిరి. 1656లో పోలండులోని లెష్నో పట్టణము తగులబడినప్పుడు, అనేక సంవత్సరములుగా వ్రాసికొనిన వ్రాతప్రతులు బూడిదయ్యెను. ఆ తరువాత రెండేండ్లకు, 1658లో, జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణమున ఆయన పుస్తకము అచ్చుపడెను. దాని పేరు ఓర్బిస్ పిక్టుస్. బొమ్మలలో లోకము అని అర్థము.

అందులో మొదట అక్షరమాల యున్నది. అయితే అక్షరము పేరు కాదు, దాని ధ్వనియే ముందు. కాకి బొమ్మ, దాని అరుపు, గొఱ్ఱెపిల్ల బొమ్మ, దాని అరుపు, బుసకొట్టు పాము, గాలి ఊదుట. బిడ్డ చెవికి ముందే తెలిసిన ధ్వనిప్రక్కన అక్షరమును నిలువబెట్టెను. తరువాత 150 పాఠములు: సేద్యము, రొట్టె కాల్చుట, చేపలు పట్టుట, చెప్పులు కుట్టుట. బొమ్మలోని ఒక్కొక్క వస్తువుమీద ఒక అంకె, క్రింది వాక్యములో ఆ వస్తువు పేరుప్రక్కన అదే అంకె. బిడ్డ వ్రేలు బొమ్మనుండి మాటకు, మాటనుండి బొమ్మకు నడచును. మరుసటి సంవత్సరమే అది ఇంగ్లీషులోనికి వచ్చెను.

ఈ క్రమము మనకు క్రొత్తది కాదు. యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము తీసి చూడుడి. యొర్దానునుండి తెచ్చిన పండ్రెండు రాళ్లు గిల్గాలులో నిలిచినవి. పిల్లలు ముందు రాళ్లను చూతురు, పిమ్మట అవి ఏమని అడుగుదురు, అప్పుడు తండ్రి చెప్పును.

ఇక మన గ్రామములకు వత్తము. 2024లో జరిగిన అసర్ పరిశీలన ప్రకారము, మన దేశపు పల్లెలలో అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి సుమారు 49 మంది. తక్కినవారు ఆ పాఠమును చదువలేరు. అనేక గృహములలో ఈ సంగతి తల్లికి తెలియదు, ఏలయనగా బిడ్డ పుస్తకము తెరచి గడగడ అప్పగించుచున్నాడు. అది చదువు కాదు, జ్ఞాపకము.

మన గోడపటములు కూడ కొంత కారణమని మా అభిప్రాయము. 'ఔ' ప్రక్కన సీసా బొమ్మవేసి ఔషధము అందురు. బిడ్డ దానిని చూచి "మందు" అనును. వాని మాట తప్పా? ఋషిని మన ఊరి బిడ్డ ఎన్నడు చూచెను? బిడ్డ నోట లేని మాటకు బొమ్మ వేసినందువలన ప్రయోజనము స్వల్పము.

దీనికి బదులు ఆరు అక్షరములు తీసికొనుడి: త, ల, వ, ప, డ, క. గుణింతము అక్కరలేదు, ఒత్తులు లేవు. తల, వల, పలక, పడక, పడవ: అయిదు మాటలు. పాత క్యాలెండరు వెనుకవైపున ఒక్కొక్క పుటకు ఒక బొమ్మ, దాని క్రింద ఒక మాట పెద్దదిగా వ్రాయుడి. బొమ్మ వంకరగా నున్నను బిడ్డ క్షమించును. కొన్ని దినములైన పిమ్మట బొమ్మమీద చేయి పెట్టి మాట అడుగుడి. పడక, పడవ రెండును ప్రక్కప్రక్కన ఉంచుడి. మొదటి రెండక్షరములు చూచి ఊహించు బిడ్డ ఇక్కడ చిక్కును, చివరి అక్షరమువరకు కన్ను పోవలసివచ్చును. బడిలో అక్షరమాల అంతయు వల్లించువరకు ఈ ఆనందమును ఆపనక్కరలేదు.

చదువురాని తల్లి ఏమి చేయవలెను? ఆమెకే ఎక్కువ పని యున్నది. బొమ్మలోని వలను చూపి, ఇది ఎవరిది, ఎక్కడ వేసెను, ఏమి పడినది అని అడుగవచ్చును. బిడ్డ మాటలాడును. ఆ మాటల సంచి నిండినకొలది చదువు సులభమగును. అక్షరము చూపు పని అన్నయో అక్కయో చేయవచ్చును. సండేస్కూలు ఉపాధ్యాయినియైనను చేయవచ్చును.

కొనదలచిన వారికి నేషనల్ బుక్ ట్రస్టువారి తెలుగు బొమ్మల పుస్తకములు తక్కువ వెలకు దొరకును. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ఆరంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితముగా ఫోనులోనే చదువవచ్చును. అయితే పిల్లవాని చేతికి ఫోను ఇచ్చి మనము లేచిపోరాదు. కాగితపు పుస్తకమైతే, చినుగునని పెట్టెలో దాచవద్దు. అంచులు నలిగినచో గంజితో అతికించి మరల ఇయ్యుడి.