కొండపల్లి కోనేరు, పాడుబడ్డ మహల్: చరిత్ర ఎంత? కథ ఎంత?

ఇబ్రహీంపట్నం సెంటర్‌లో నిలబడితే ఒక వైపు థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీలు, ఇంకో వైపు కొండపల్లి కొండలు కనిపిస్తాయి. చిమ్నీల గురించి మనందరికీ తెలుసు. కొండ మీద కోట గురించి అడిగితే మాత్రం చాలామంది "అక్కడ ఫొటోషూట్‌లు బాగా వస్తాయి" అని ఆగిపోతారు. ఆ కోటలో రెండు శిఖరాల మధ్య ఒక రాజమహల్ శిథిలం ఉంది. దాని దగ్గరే ఒక కోనేరు. ఈ రెండింటి చుట్టూ చరిత్ర, కథలు కలిసిపోయి ఉన్నాయి. ఈ వ్యాసంలో వాటిని కొంచెం విడదీసి చూద్దాం.

1. 1360 అనే తేదీ

కోట గురించి ఎక్కడ చదివినా ఒకే వాక్యం కనిపిస్తుంది: "1360లో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడు." చిన్న చెక్ చేద్దాం. కొండవీటి రెడ్డి రాజుల్లో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి పాలన 1353 దగ్గర ముగిసింది. తర్వాత ఆయన కొడుకు అనవోతారెడ్డి 1364 దాకా పాలించాడు. అంటే పై వాక్యంలో తేదీ, పేరు రెండూ ఒకేసారి కరెక్ట్ అవ్వడం కష్టం. తేదీ నిజమైతే కట్టించింది కొడుకు అయ్యుండాలి. పేరు నిజమైతే పని 1360 కంటే ముందే మొదలై ఉండాలి. ఒకరు రాసింది ఇంకొకరు కాపీ చేసుకుంటూ పోతే ఇలాంటి బగ్ అలాగే ఉండిపోతుంది. ఎవరూ తీసేయరు, ఎందుకంటే ఎవరూ రన్ చేసి చూడరు.

2. కొండడు అనే పశువుల కాపరి

ఊరి పేరుకి ఒక కథ ఉంది. కొండడు అనే పశువుల కాపరి కోటకి పనికొచ్చే చోటు చూపించాడట, అతని పేరు మీదే కొండపల్లి అయ్యిందట. కొండ దగ్గర ఉన్న పల్లె కొండపల్లి అవ్వడానికి నిజానికి ఏ కొండడూ అక్కర్లేదు. అయినా ఈ కథ నాకు ఇష్టం. కోట కట్టేది రాజే, కానీ ఏ గట్టు ఎక్కితే దారి దొరుకుతుందో, వేసవిలో కూడా నీళ్ళు ఎక్కడ ఉంటాయో తెలిసేది రోజూ పశువుల్ని తోలుకెళ్ళేవాడికే. చరిత్ర పుస్తకంలో చోటు దొరకని మనిషిని ఊరు తన పేరులో దాచుకుంది అనుకోవచ్చు.

3. తానీషా మహల్ తానీషాదేనా?

ఈ కోట చాలా చేతులు మారింది. రెడ్డి రాజుల తర్వాత గజపతులు వచ్చారు. 1515లో కొండవీడు గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు ఆ తర్వాత కొండపల్లిని ముట్టడించాడు. ఇక్కడ గజపతి భార్య, ఒక కొడుకు రాయలకి బందీలుగా చిక్కారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తర్వాత గోల్కొండ కుతుబ్ షాహీలు, 1687లో గోల్కొండ పడిపోయాక మొఘలులు, తర్వాత నిజాం, 1766లో జనరల్ కైలాడ్ నాయకత్వంలో ఇంగ్లీషువాళ్ళు.

ఇంతమందిలో మహల్‌కి మిగిలిన పేరు మాత్రం చివరి కుతుబ్ షాహీ సుల్తాన్ అబుల్ హసన్ తానీషాది. ఆయన పాలించింది 1672 నుంచి 1687 వరకే. కోట వయసులో అది పదిహేనేళ్ళు.

పేరుని బట్టి కట్టించింది ఆయనే అనుకోకూడదు. మన విజయవాడలోనే ఉదాహరణ ఉంది. కనకదుర్గమ్మ కొండ కింద ఉన్న గుహల్ని అక్కన్న మాదన్న గుహలంటాం. ఆ అన్నదమ్ములు తానీషా మంత్రులు, 17వ శతాబ్దం మనుషులు. గుహలు వాళ్ళకంటే ఎన్నో వందల ఏళ్ళు పాతవి. కూచిపూడి అగ్రహారాన్ని కళాకారులకి ఇచ్చింది కూడా తానీషాయే అంటారు. అంటే ఈ ప్రాంతం జ్ఞాపకంలో ఆయన బలంగా నిలిచిపోయాడు. జనం తమకి గుర్తున్న పేరునే పాత రాళ్ళకి పెట్టుకుంటారు.

4. జ్వరం తెప్పించే కోనేరు

అసలు ఇంట్రెస్టింగ్ విషయం ఇది. మహల్ దగ్గరి కోనేరుకి ఊట ఉంది. అది చాలా లోతనీ, నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయనీ, తాగితే జ్వరం వస్తుందనీ పాతకాలం నుంచి చెప్పుకుంటున్నారు. కొట్టిపారేద్దామా?

నా ఉద్దేశంలో కొట్టిపారేయక్కర్లేదు. చుట్టూ అడవి, కదలని నీళ్ళు, పక్కనే సైనికుల నివాసం. మలేరియాకి కావాల్సినవన్నీ ఉన్నాయి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టాడు, అదీ మన సికింద్రాబాద్‌లో. అంతకుముందు దోమని అనుమానించినవాళ్ళు కొద్దిమందే, రుజువు మాత్రం లేదు. కోనేరు దగ్గర ఉన్నవాళ్ళకి జ్వరాలు వస్తున్నాయని గమనించారు, కారణం నీటి చల్లదనానికి అంటగట్టారు. గమనించింది నిజమే అయ్యుండొచ్చు, తప్పు జరిగింది కారణం దగ్గర. మనం స్టాటిస్టిక్స్ క్లాసులో కోరిలేషన్, కాజేషన్ వేరు అని చదువుకునేది ఇదే. ఇది నా ఊహే, కానీ కథని డేటాలా చదివితే ఇలాంటి ప్రశ్నలు పుడతాయి.

5. ఎందుకు వదిలేశారు?

పాడుబడ్డ ఇల్లు కనిపిస్తే మనకి వెంటనే శాపం, దెయ్యం గుర్తొస్తాయి. ఇక్కడ అంత అవసరం లేదు. మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండ వైపు వెళ్ళే దారి మీద కన్నేసి ఉంచడానికి ఈ కొండ పనికొచ్చింది. కోటకి ఒక ద్వారం పేరే గోల్కొండ దర్వాజా. దేశంలో చాలా భాగం ఒకే కంపెనీ చేతిలోకి పోయాక ఆ కాపలాకి అర్థం లేకుండా పోయింది. 1859లో ఇక్కడి సైన్యాన్ని ఖర్చు తగ్గించుకోడానికి తీసేశారు. అంటే మహల్‌ని ఖాళీ చేసింది దెయ్యం కాదు, బడ్జెట్! ఇంగ్లీషువాళ్ళ బ్యారక్‌లు, సమాధులు మాత్రం మిగిలాయి. పాత ధాన్యాగారంలో గబ్బిలాలు చేరాయి.

ఈసారి వెళ్తే

దర్గా దర్వాజా నుంచి మహల్ దాకా నడవండి. కింద చిన్న గదులు, పైన పెద్ద హాలు తేడా చూడండి. సమాధుల దగ్గర కాసేపు ఆగండి. గోడల మీద మీ పేరు, లవ్ సింబల్ మాత్రం చెక్కకండి. ఆరు వందల ఏళ్ళ గచ్చుకి అన్‌డూ బటన్ లేదు.

ఇంకో పని. కోట తేదీలు పుస్తకాల్లో ఉంటాయి. కొండడి కథ, కోనేరు జ్వరం కథ మాత్రం చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళ దగ్గరే పూర్తిగా ఉన్నాయి. మన కాలేజీలో కొండపల్లి, జగన్నాథపురం, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు. మీ తాతయ్యనో నానమ్మనో అడిగి, ఫోన్‌లో రికార్డ్ చేసి, ఎవరు ఎప్పుడు చెప్పారో రాసిపెట్టండి. నిజమా కాదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు అవి పోకుండా ఉండాలి.