చిన్నపిల్లలతో పొడుపు కథలు: ఇంట్లో మాటలే చాలు

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పొడుపు కథలంటే ప్రాణం. వీటికోసం ఏమీ కొనక్కర్లేదు. ఒకే మాటకు రెండు మూడు అర్థాలుండటం, ఒకేలా మోగే మాటలు బోలెడుండటం మన తెలుగుకున్న సంపద. రోజూ వాడుతూ మనం వాటిని పట్టించుకోం. పిల్లలు మాత్రం ఇట్టే పట్టేస్తారు.

1. కళ్ల ముందున్న వస్తువుతో మొదలుపెట్టండి. మూడేళ్ల పిల్లకు కనబడనిదాన్ని ఊహించడం కష్టం. వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "ఈల వేస్తుంది, పోలీసు కాదు. అన్నం వండుతుంది, అమ్మా కాదు, నాన్నా కాదు. ఏంటది?" ఆ సమయానికి కుక్కర్ కూసిందంటే పిల్ల ముఖం చూడాలి!

2. పాత పొడుపు కథల్లో కవ్వం, తిరగలి, రోలు ఎక్కువ. ఊళ్లో నాయనమ్మ ఇంట్లో వాటిని ముట్టుకుని చూశాక వేస్తే అవీ బాగుంటాయి. అంతవరకు ఇంట్లో ఉన్నవాటి మీద మీరే అల్లండి. "తలుపు తీస్తే వెలుగు, మూస్తే చీకటి, ఎండాకాలంలోనూ కడుపులో చలి." ఫ్రిజ్ అని చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు.

3. నాలుగేళ్లకు "ఉంది కానీ" రకం బాగా నచ్చుతుంది. రెక్కలున్నాయి, ఎగరదు: ఫ్యాను. చేతులున్నాయి, చప్పట్లు కొట్టదు: చొక్కా. మెడ ఉంది, తల లేదు: సీసా. మూడు కళ్లున్నాయి, చూడలేదు: కొబ్బరికాయ. రెక్కలున్నది ఫ్యానే కానక్కర్లేదు, తలుపుకీ రెక్కలుంటాయి. పిల్లవాడు తలుపన్నా సరే, "భలే చెప్పావురా" అనండి.

4. ప్రాస మాటలతో ఆడించండి. "పిల్లిలా వినిపిస్తుంది, గోడ మీద పాకుతుంది" అంటే బల్లి. "చిలకలా వినిపిస్తుంది, దాని మీద అ ఆలు దిద్దుతాం" అంటే పలక. అక్షరాలు రాకముందే చెవి పదునెక్కడానికి ఇంతకంటే తేలిక దారి నాకు కనబడలేదు.

5. ఐదో ఏడు వచ్చాక రెండర్థాల మాటలు మొదలుపెట్టండి. కొందరికి ఆరేళ్లు దాటాకే ఇవి అందుతాయి, కంగారు పడొద్దు. ముందు చూపించి, తర్వాత అడగాలి. అద్దం ముందు నిలబెట్టి నోట్లో పళ్లు చూపించండి. చేతికి దువ్వెన ఇచ్చి దాని పళ్ల మీద వేలు పెట్టించండి, టకటకమని మోగుతాయి. పళ్లెంలో అరటిపళ్లు పెట్టండి. ఇక అడగండి: "తినే పళ్లు ఏవి? తోముకునే పళ్లు ఏవి? జుట్టులో తిరిగే పళ్లు ఏవి?" ఒక్క మాట మూడు చోట్ల ఉందని తెలిసిన క్షణాన పిల్లలు విరగబడి నవ్వుతారు. మర్నాడు అదే మీకు తిప్పి వేస్తారు.

చుక్క కూడా ఇలాంటిదే. "ఆకాశంలో మెరుస్తా, ముగ్గులో కూర్చుంటా, కుళాయిలోంచి రాలుతా." ధనుర్మాసంలో వాకిట్లో చుక్కల ముగ్గు పెడుతూ అడిగితే సగం జవాబు నేల మీదే ఉంటుంది. నులక మంచం ఉన్న ఇంట్లో "కూయని కోళ్లు ఏవి?" అని అడిగి మంచం కోళ్లు తట్టి చూపించండి.

6. మాట లోపల దాక్కున్న మాట. చెట్టుకు కాయని కాయ ఏది? తలకాయ. నోరు మండని కారం? నమస్కారం. గర్జించని పులి? పులిహోర. "కూర వండని కాయ" అని మాత్రం అడగొద్దు, తలకాయ కూర వండుకునే ఇళ్లలో పిల్లలు ఒప్పుకోరు, వాళ్లదే న్యాయం.

7. అంకెలు వచ్చినవాళ్లకు: బట్టలు ఎండబెట్టే అంకె? ఆరు. కన్నీళ్లు పెట్టుకునే అంకె? ఏడు.

8. మీ ఇంటి మాటే వాడండి. తెలంగాణలో నల్లా అనే ఇంట్లో "కుళాయిలోంచి రాలుతా" అంటే పిల్ల దిక్కులు చూస్తుంది. మంచం కాళ్లు అనే చోట కోళ్ల పొడుపు కథ నడవదు, "కాళ్లున్నాయి, నడవదు" అని మార్చుకోండి. పుస్తకం మాట కోసం పిల్లల మాటను పక్కకు తోయొద్దు. విదేశాల్లో ఉన్న మనవలకు వీడియో కాల్‌లో పొడుపు కథ వేసే తాతయ్యలు, అమ్మమ్మలు ఆ వస్తువును చేతికి అందేలా పెట్టుకుంటే మంచిది. జవాబు చెప్పగానే చూపించొచ్చు.

9. జవాబు వెంటనే విప్పొద్దు. ఒక గుర్తు చెప్పండి, కాసేపు ఆగండి, ఇంకో గుర్తు చెప్పండి. అప్పటికీ రాకపోతే ఆ వస్తువు వైపు చూడండి, మీ చూపు వెంట వాళ్ల చూపూ వస్తుంది. రోజుకు రెండు మూడు చాలు.

10. ఒంటి రంగును, లావును, నత్తిని వెక్కిరించేవి వద్దే వద్దు.

11. వాళ్లనూ పొడవనివ్వండి. "తెల్లగా ఉంటుంది, ఏంటది?" అంటారు. మీరు పాలు, అన్నం, కుందేలు అని వరసపెట్టి చెప్పాక, "కాదు, మా టీచరు చున్నీ" అంటారు. అదేం పొడుపు కథ అనకండి. "ఇంకో గుర్తు చెప్పమ్మా" అనండి. "మెడ చుట్టూ ఉంటుంది, గాలికి ఎగురుతుంది" అందంటే, కథ కట్టడం ఆ పిల్లకు వచ్చేసినట్టే.