ఈ వారం పాఠం: ఫోన్‌లోని ఏఐ "చెప్పలేను" అని ఎందుకంటుంది?

మనలో చాలామంది ఇప్పుడు ఫోన్‌లో ఏఐని అడిగి తెలుసుకుంటున్నాం. ఊజీ ఈగను ఎట్లా చంపాలి, ఏ మందు ఎంత కలపాలి అంటే ఒక్కోసారి "ఇందులో సాయం చేయలేను" అంటుంది. ఇంకోసారి అదే మాటకు గడగడా చెప్పేస్తుంది. దాని లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

మనం అడిగే మాట ముందు అంకెలుగా మారుతుంది. ఆ అంకెలు చాలా పొరలు దాటుకుంటూ పోయి జవాబు అవుతాయి. ఏఐ మొదట లెక్కలేనన్ని పేజీలు చదివి భాష నేర్చుకుంటుంది. ఆ తర్వాత, హాని చేసే ప్రశ్న వస్తే కాదనమని తయారు చేసినవాళ్లు విడిగా తర్ఫీదు ఇస్తారు.

2024లో కొందరు పరిశోధకులు 13 ఓపెన్ మోడళ్ల లోపల చూశారు. హాని ప్రశ్నలు ఒక కుప్ప, మామూలు ప్రశ్నలు ఒక కుప్ప పెట్టి, ఒక్కో కుప్పకు లోపలి అంకెల సగటు తీసి, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేశారు. ఆ తేడా ఒక దిక్కును చూపింది. తక్కెడ ముల్లు అనుకోండి. ఆ దిక్కును చెరిపేస్తే, కాదనాల్సిన ప్రశ్నలకూ మోడల్ జవాబిచ్చింది. దాన్నే కలిపితే మామూలు ప్రశ్నకూ కాదంది.

దీన్నిబట్టి మనకు రెండు సంగతులు.

1. కాదన్నదంటే మీ ప్రశ్న తప్పని కాదు. "చంపడం", "విషం" లాంటి మాటలకే ముల్లు అటు వాలవచ్చు. "పట్టుపురుగుల షెడ్డులోకి ఊజీ ఈగ రాకుండా ఏం చేయాలి, పురుగులు నాలుగో జ్వరం దాటినాయి" అని వివరంగా అడగండి.

2. చెప్పిందంటే అది సరైనదని కాదు. ఇదే ముఖ్యం. ఆ ముల్లు ప్రశ్నలో హాని కనబడుతుందా అనే చూస్తుంది, జవాబులోని లెక్క నిజమా కాదా అని చూడదు. మల్బరీకి మందు కొట్టినాక ఎన్ని రోజులాగి ఆకు కోయాలో తప్పు చెప్పినా, ధైర్యంగానే చెప్తుంది. ఆ ఆకు వేస్తే 100 డీఎఫ్‌ఎల్‌ల పంట, అంటే 40,000 పైచిలుకు పురుగులు, చంద్రికల దాకా రావు.

అందుకే మందు పేరు, మోతాదు, ఆగాల్సిన రోజులు, ఈ మూడూ ఏఐ చెప్పినా సరే, డబ్బా మీది చీటీ చూసి, పట్టు శాఖ టెక్నికల్ సర్వీస్ సెంటర్‌లో అడిగినాకే వాడదాం. సందేహం ఉంటే గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం.