హరితగృహ కీర దోసలో చేదు: కారణాలు, క్షేత్రస్థాయి నిర్ధారణ, నివారణ

హరితగృహాలలోను, నీడతెరల కింద సాగవుతున్న కూరగాయలలోను కీర దోసది ప్రముఖ స్థానం. పరాగసంపర్కం లేకుండానే కాసే అనిషేక ఫల సంకర రకాలు అందుబాటులోకి వచ్చిన తరువాత, కీటకాలు చొరబడని వల లోపల సంవత్సరానికి రెండు మూడు పంటలు తీయడం సాధ్యమైంది. పెట్టుబడి ఎక్కువైనా కోత త్వరగా మొదలవుతుంది కాబట్టి రైతులు ఈ పంట వైపు మొగ్గుతున్నారు. ఇంత ఖర్చుతో పండించిన కాయను ఒక్కసారిగా నిరుపయోగం చేసే లోపం చేదు. మచ్చ, వంకర, పరిమాణంలో తేడా వంటివి కంటికి కనిపిస్తాయి. వాటిని గ్రేడింగ్ బల్ల మీదనే ఏరివేయవచ్చు. చేదు కంటికి కనిపించదు. వంద కాయలలో ఐదారు చేదుగా ఉన్నా, కొన్నవారు మిగిలిన వాటిని నమ్మరు. వ్యాపారి తరువాతి కోతనే వద్దంటాడు.

ఇటువంటి సందర్భంలో విస్తరణ శాస్త్రవేత్తకు సాధారణంగా ఎదురయ్యే ప్రశ్న "ఏ మందు పిచికారీ చేయాలి?" అన్నది. చేదు తెగులు కాదు, పురుగు వల్ల వచ్చేది కాదు. కాయలో చేరిన చేదును తొలగించే మందు గాని, టానిక్కు గాని లేదు. విత్తనంలో ఉన్న జన్యు స్వభావం, కాయ పెరిగిన కొద్ది రోజులలో మొక్క ఎదుర్కొన్న ఒత్తిడి, ఈ రెండూ కలిసినప్పుడే చేదు ఏర్పడుతుంది. కాబట్టి నివారణ కూడా ఈ రెండు చోట్లనే జరగాలి.

చేదు పుట్టుక

దోస కుటుంబపు మొక్కలలో చేదుకు కారణమైనవి కుకుర్బిటాసిన్లు అనే ట్రైటెర్పీన్ వర్గపు రసాయనాలు. కీర దోసలో ప్రధానంగా ఉండేది కుకుర్బిటాసిన్-సి. మొక్క దృష్టిలో ఇది లోపం కాదు, ఆత్మరక్షణ. కీర దోసకు జన్మస్థానం భారతదేశమే. హిమాలయ పాదప్రాంతాలలో పెరిగే దాని వన్య రూపమైన హార్డ్‌విక్కీ ఉపజాతి కాయలు నోట పెట్టలేనంత చేదుగా ఉంటాయి. మనిషి తరతరాలుగా చేదు లేని కాయలను ఎంచుకుంటూ రావడం వలన సాగు రకాలు రూపొందాయి. అయితే ఈ ఎంపిక కాయ రుచి మీద జరిగినదే గాని ఆకు రుచి మీద కాదు. అందువలన నేటి అనేక సాగు రకాలలో కాయ తియ్యగా ఉన్నా ఆకు, కాండం చేదుగానే ఉంటాయి.

2014లో చైనా శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ వ్యవస్థను జన్యు స్థాయిలో వివరించింది. కుకుర్బిటాసిన్-సి తయారీలో తొమ్మిది జన్యువులు పాల్గొంటాయని, వాటిని ఆకులో ఒక అనులేఖన కారకం, కాయలో మరొక అనులేఖన కారకం నియంత్రిస్తాయని తేలింది. సాగు రకాలలో కాయకు సంబంధించిన మీట దాదాపుగా కట్టివేయబడి ఉంటుంది. తయారీ యంత్రాంగం మాత్రం చెక్కుచెదరకుండా మొక్కలోనే ఉంటుంది. చలి వంటి ఒత్తిడి ఎదురైనప్పుడు ఆ కట్టు సడలుతుంది. నిన్నటి దాకా మంచి కాయలు ఇచ్చిన తీగ నేడు చేదు కాయ ఇవ్వడంలోని రహస్యం ఇదే.

కాయలో చేదు అంతటా సమానంగా ఉండదు. తొడిమ వైపు, తొక్క కిందనే ఎక్కువగా చేరుతుంది. తొడిమ చివర కోసి, ఆ ముక్కతో రుద్ది నురుగు తీయడం మన వంటిళ్లలో పాత అలవాటు. ఇందులో మేలు చేసేది రుద్దడం కాదు, చేదు ఎక్కువగా ఉన్న చివరి ముక్కను కోసి పారవేయడం. తొక్క కాస్త మందంగా చెక్కితే మరికొంత ప్రయోజనం ఉంటుంది.

విత్తనం ఎంపికలో లాభనష్టాలు

చేదు దృష్ట్యా కీర దోస మొక్కలను మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది కాయ, ఆకు రెండూ ఎల్లప్పుడూ చేదుగా ఉండే వన్య స్వభావం. రెండవది ఆకు చేదుగా ఉండి, కాయ సాధారణంగా తియ్యగా ఉంటూ ఒత్తిడిలో చేదెక్కే స్వభావం. మూడవది ఆకులోను కాయలోను చేదు అసలే తయారుకాని స్వభావం. ఈ మూడవ తరగతి మొక్కలలో, తయారీకి తొలి మెట్టు అయిన ఎంజైమును ఇచ్చే జన్యువు అంతర్గత రూపంలో జంటగా ఉంటుంది. తొలి మెట్టే లేదు కాబట్టి ఎంత ఒత్తిడి వచ్చినా కాయ చేదెక్కదు.

ఈ మూడవ స్వభావాన్ని గుర్తించిన తీరు విద్యార్థులు తెలుసుకోదగినది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్‌లో ఆండెవెగ్, డి బ్రుయిన్ అనే ప్రజనన శాస్త్రవేత్తలు మొలకల బీజదళాలను రుచి చూస్తూ వెదికి, 'ఇంప్రూవ్డ్ లాంగ్ గ్రీన్' అనే అమెరికా రకంలో చేదు లేని మొక్కను కనుగొన్నారు. ఆ ఫలితం 1959లో వెలువడింది. కాయ దాకా వేచి ఉండనవసరం లేకుండా, బీజదళం దశలోనే చేదు స్వభావం బయటపడటం వారి పనిని సులభం చేసింది. ఈ పరీక్ష నేటికీ పనికివస్తుంది. కొత్త సంకర రకం తెచ్చినప్పుడు, మందు పట్టించని కొన్ని గింజలను విడిగా మొలకెత్తించి, బీజదళం చిన్న తునకను నాలుకపై ఉంచి ఉమ్మివేస్తే చాలు. చేదు లేకపోతే అది మూడవ తరగతి రకం. చేదుగా ఉంటే ఆ రకానికి ఒత్తిడిలో కాయ చేదెక్కే అవకాశం ఉన్నట్లే. విత్తనశుద్ధి చేసిన గింజల మొలకలను మాత్రం ఎట్టి పరిస్థితులలోను రుచి చూడరాదు.

అట్లయితే రైతులందరికీ మూడవ తరగతి రకాలే సిఫారసు చేయవచ్చు కదా అనిపిస్తుంది. విషయం అంత తేలిక కాదు. 1971లో డ కోస్టా, జోన్స్ అనే పరిశోధకులు ఇదే జన్యువు చీడల పట్ల మొక్క తీరును కూడా మార్చుతుందని చూపారు. ఆకులో చేదు ఉన్న మొక్కలు అమెరికా దోస పెంకు పురుగులను ఆకర్షించి, ఎర్రనల్లిని తట్టుకోగలిగాయి. చేదు లేని మొక్కలను పెంకు పురుగులు పెద్దగా ముట్టలేదు గాని, ఎర్రనల్లికి అవి సులభంగా లొంగిపోయాయి.

ఆరుబయట సాగులో ఈ లాభనష్టాలు ఒకదానికొకటి సరిపోవచ్చు. హరితగృహంలో లెక్క మారుతుంది. పెంకు పురుగును కీటక వలయే ఆపుతుంది. కాబట్టి చేదు లేని ఆకు వలన కలిగే లాభం అక్కడ అవసరమే లేదు. ఎర్రనల్లి వల కన్నుల గుండా దూరిపోగలదు, కూలీల బట్టలకు అంటుకొని వస్తుంది, పొడి వేడిలో వేగంగా వృద్ధి చెందుతుంది. అంటే నష్టం మాత్రం పూర్తిగా రైతుదే. కావున చేదు లేని రకాన్ని సిఫారసు చేసే శాస్త్రవేత్త, వారానికి ఒకసారి కింది ఆకుల అడుగు భాగాన్ని 10 రెట్ల భూతద్దంతో పరిశీలించే ఏర్పాటును కూడా అదే సిఫారసులో చేర్చాలి. ఆ నిఘా లేకపోతే చేదుకు బదులు నల్లి మందుల అవశేషాలు కాయలో చేరే ప్రమాదం ఉంది. రెండింటిలో చేదే నయం. ఒత్తిడి తప్పనిసరి అయిన కాలంలో, అంటే చలి ముదిరిన నెలలలో గాని, వేసవి అంచున గాని కోత వచ్చే పంటకు చేదు లేని రకం, అనుకూల కాలపు పంటకు యాజమాన్యంపై నమ్మకంతో రెండవ తరగతి రకం ఎంచుకోవడం సమంజసంగా ఉంటుంది.

వేరు మండలంలో నిలకడ

కీర దోస కాయలో 95 శాతం వరకు నీరే. వేళ్లు ఎక్కువగా పైపొరలోనే వ్యాపిస్తాయి. కాబట్టి నీటి సరఫరాలో చిన్న అంతరాయం కూడా మొక్కకు వెంటనే తెలుస్తుంది. పూర్తిగా పెరిగిన తీగకు ఎండ కాలంలో రోజుకు 2 నుండి 3 లీటర్ల నీరు అవసరమవుతుంది. ఎంత నీరు ఇచ్చారన్న దానికంటే ఎన్ని విడతలలో ఇచ్చారన్నది ముఖ్యం. ఉదయం ఒకేసారి మూడు లీటర్లు ఇచ్చి మరునాటి వరకు వదిలివేసిన మడిలో, మధ్యాహ్నానికి ఆకులు వడలి సాయంత్రానికి తేరుకుంటాయి. చూసేవారికి అంతా సర్దుకున్నట్లు కనిపిస్తుంది; కాయలో మాత్రం ఒత్తిడి ఫలితం మిగులుతుంది. ఇసుక పాలు ఎక్కువైన మడులలోను, కొబ్బరి పొట్టు సంచులలోను రోజుకు అనేక స్వల్ప విడతలు తప్పనిసరి.

విద్యుత్తు అంతరాయాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. 4000 చదరపు మీటర్ల హరితగృహంలో చదరపు మీటరుకు 2.5 మొక్కల చొప్పున 10,000 మొక్కలు ఉంటే, ఒక రోజు అవసరం 20 నుండి 30 ఘనపు మీటర్లు. ఆ మేరకు నిల్వ తొట్టి, ప్రత్యామ్నాయ పంపు లేని చోట మిగిలిన జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా ఒక్క మోటారు కాలిపోవడంతో వ్యర్థమవుతాయి. తొట్టికి నీడ కల్పించాలి. ఎండలో పరచిన నల్లని లేటరల్ పైపులలో నిలిచిన నీరు బాగా వేడెక్కుతుంది; మధ్యాహ్నపు విడతలో మొదట వేరును తాకేది ఆ నీరే. పైపులను మల్చింగ్ షీటు కింద, వీలైతే ఆకుల నీడలో ఉంచడం ఖర్చు లేని పరిష్కారం.

నీటిలోని లవణాలు మరొక ఒత్తిడి. నేల సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 2.5 డెసిసైమన్లు దాటితే కీర దోస దిగుబడి తగ్గడం మొదలవుతుందని, ఆపై ప్రతి ఒక్క డెసిసైమన్‌కు సుమారు 13 శాతం చొప్పున పడిపోతుందని ప్రామాణిక పట్టికలు తెలుపుతున్నాయి. వాన నీరు పడని హరితగృహ నేలలో లవణాలు కడిగివేయబడవు; పంట తరువాత పంటకు పేరుకుంటాయి. మొదటి పంటలో రాని చేదు అదే రకంలో, అదే రైతు చేతిలో మూడవ పంటకు కనిపించినప్పుడు నేల వాహకతను పరీక్షించాలి. దానితోపాటు కొన్ని మొక్కలను పీకి వేళ్లు కూడా చూడాలి. వేరుముడి నులిపురుగుల బుడిపెలు ఉన్న వేరు, మడిలో తడి ఉన్నా తగినంత నీరు పీల్చలేదు.

ఎరువులలో నత్రజనిని ప్రత్యేకంగా గమనించాలి. చేదు కాయలు ఇచ్చిన మొక్కల ఆకులలో నత్రజని ఎక్కువగా ఉన్నట్లు, టెర్పీన్ల తయారీలో కీలకమైన ఒక ఎంజైము చురుకుదనం కూడా పెరిగినట్లు జపాన్‌లో జరిగిన పరిశోధనలు చూపాయి. ఆకు ముదురు ఆకుపచ్చగా, తీగ బలిష్ఠంగా ఉంటే రైతు సంతోషిస్తాడు. చేదు కోణంలో అది హెచ్చరిక. కాపు మొదలైన తరువాత ఫెర్టిగేషన్‌లో నత్రజనిని అదుపులో ఉంచి పొటాష్ పాలు పెంచాలి.

ఉష్ణోగ్రత విషయంలో పగలు 24 నుండి 30 డిగ్రీలు, రాత్రి 18 నుండి 20 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. ఉత్తర తెలంగాణలో డిసెంబరు, జనవరి రాత్రులు దీనికి చాలా దిగువకు పోతాయి. సహజ గాలి ప్రసరణ గల హరితగృహంలో ఏప్రిల్ పగళ్లు చాలా ఎగువకు పోతాయి. చలికాలంలో పక్క తెరలను సూర్యాస్తమయానికి ముందే దించడం, వేసవిలో నీడతెర, ఫాగర్లు వాడటం కొంత ఉపశమనం ఇస్తాయి. అంతకు మించి, విత్తే తేదీని సర్దుబాటు చేయడమే మేలైన మార్గం.

క్షేత్రంలో కారణాన్ని పట్టుకోవడం

చేదు వచ్చిందన్న ఫిర్యాదు అందినప్పుడు వెనక్కు లెక్కించడం అలవరచుకోవాలి. పువ్వు విచ్చిన నాటి నుండి కోత వరకు వాతావరణాన్ని బట్టి సుమారు 8 నుండి 14 రోజులు పడుతుంది. కనుక నేటి చేదుకు కారణాన్ని నేటి మడిలో కాక గడచిన రెండు వారాలలో వెదకాలి. ఆ రోజులలో మోటారు ఎప్పుడు ఆగింది, ఎరువు మోతాదు ఎప్పుడు మారింది, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంతకు పడింది అన్న వివరాలు రాసి ఉంచిన పుస్తకం ఉంటే కారణం దొరకడం కష్టం కాదు. లేకపోతే మిగిలేది ఊహే.

రెండవ ఆధారం స్థలం. చేదు కాయలు ఏ వరుసలో, ఏ చివర వచ్చాయో గుర్తించాలి. లేటరల్ పైపుల చివరి మొక్కలలోనే ఉంటే పీడనం చాలకపోవడమో, డ్రిప్పర్లు మూసుకుపోవడమో కారణం. ఆ చోట డ్రిప్పరు కింద గిన్నె ఉంచి విడుదలను కొలవాలి. పక్క తెరల వెంబడి ఉంటే ఉష్ణోగ్రతను, అక్కడక్కడ గుంపులుగా ఉంటే వేళ్లను అనుమానించాలి. హరితగృహమంతటా ఒకేసారి వస్తే నీరు, ఎరువు, వాతావరణాలలో ఏదో ఒక ఉమ్మడి కారణం ఉంటుంది. నమూనా కాయలను తొడిమ వైపు నుండి రెండు మూడు సెంటీమీటర్ల ముక్కగా కోసి రుచి చూడాలి. చేదును పసిగట్టే శక్తి అందరిలో ఒకే తీరుగా ఉండదు. కనీసం ముగ్గురు చూడటం మంచిది.

రైతులలో గట్టిగా నాటుకున్న ఒక అభిప్రాయాన్ని ఇక్కడ సరిచేయాలి. పక్క పొలంలో కాకర గాని చేదు సొర గాని ఉన్నందున పుప్పొడి కలిసి కీర చేదెక్కిందని పలువురు భావిస్తారు. వేరు జాతుల పుప్పొడితో కీర దోస ఫలదీకరణం జరగదు. తినే భాగం తల్లి మొక్క కణజాలమే కనుక పుప్పొడి ఏదైనా ఆ సంవత్సరపు కాయ రుచిని మార్చదు. పైగా హరితగృహ రకాలలో పుప్పొడి ప్రమేయమే లేదు. పుప్పొడి ప్రభావం చూపేది పరాగసంపర్కంతో కాసే రకాల నుండి విత్తనం దాచుకున్నప్పుడు, అదీ తరువాతి తరంలో.

చేదు బయటపడిన వరుసల కోతను విడిగా ఉంచి, కారణం సరిచేసిన తరువాత పూసిన పూల కాయలు కోతకు వచ్చే వరకు ప్రతి కోతలోను రుచి పరీక్ష కొనసాగించాలి. తీవ్రమైన చేదు ఉన్న కాయలను రసం తీయడానికి ఎట్టి పరిస్థితులలోను అమ్మరాదు. చేదు సొరకాయ రసం తాగినవారిలో కలిగిన తీవ్ర అస్వస్థతపై భారత వైద్య పరిశోధన మండలి బృందం 2012లో ప్రచురించిన నివేదిక, చేదు రసాన్ని తాగవద్దని స్పష్టంగా హెచ్చరించింది. కీర దోసలో చేదు సాధారణంగా ఆ స్థాయికి చేరదు గాని, కారణమైన రసాయనాలు ఒకే కుటుంబానికి చెందినవి. వండినా ఈ చేదు విరగదు కాబట్టి అటువంటి కాయలను కంపోస్టు గుంటకే చేర్చాలి.