టీవీ దానంతటదే ఆగిపోతుంటే: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా ఎల్‌ఈడీ టీవీ కొని మూడేళ్లయింది. పది రోజులుగా సీరియల్ మధ్యలో టక్కున ఆగిపోతోంది. కాసేపాగి రిమోట్ నొక్కితే మళ్లీ వస్తోంది. పేలిపోతుందేమోనని పిల్లల్ని ఆ గదిలోకి పోనివ్వడం లేదు. ఏం చెయ్యమంటారు?
- ఓ గృహిణి, కాశీబుగ్గ

జవాబు: ముందు పిల్లల్ని గదిలోకి రానివ్వండమ్మా. పేలుతుందని భయపడటానికి పాత డబ్బా టీవీల్లో ఉండే పెద్ద గాజు పిక్చర్ ట్యూబు ఇప్పటి టీవీల్లో లేదు. టీవీ ఇలా ఆగిపోతోందంటే చాలావరకు కరెంటు సరిగా అందకో, ఎవరో పెట్టిన టైమర్ వల్లో, లోపల ఏదో తేడా వచ్చి తనను తాను కాపాడుకోవడానికో అయ్యుంటుంది. ఈసారి ఆగినప్పుడు రిమోట్ వెతక్కండి, టీవీ కింది అంచున ఉండే చిన్న ఎర్ర దీపాన్ని చూడండి. అది కూడా ఆరిపోయి ఉంటే చాలావరకు టీవీ దాకా కరెంటు రావడం లేదని అర్థం. స్విచ్ ఆపి, ప్లగ్గు లాగి చూడండి. పిన్నులు నల్లబడినా, సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ రంగు మారినా సాకెట్, ప్లగ్గు రెండూ ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. దీపం వెలుగుతూనే ఉంటే కారణం సెట్టింగుల్లోనో, టీవీ లోపలో ఉంది. కాలిన వాసన, పొగ, సాకెట్‌లో చిటపట, ఈ మూడింట్లో ఏది కనిపించినా మాత్రం ఆలోచించకుండా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: మావారికి కిడ్నీ జబ్బు. డయాలసిస్‌కి పలాస వెళ్లివస్తుంటారు. రాత్రిళ్లు నిద్ర పట్టక టీవీ పెట్టుకుంటారు. అది రోజూ తెల్లవారుజామున రెండింటికి ఆగిపోతుంది. ఆయన చీకట్లో లేచి తడుముకుంటుంటే నాకు గుండె దడ. కొత్త టీవీ కొనే స్తోమత మాకు లేదు.
- ఓ ఇల్లాలు, కవిటి మండలం

జవాబు: కొత్తది కొననక్కర్లేదమ్మా, మీ టీవీకి ఏ జబ్బూ లేదు. చాలా టీవీలు నాలుగు గంటలసేపు ఎవరూ రిమోట్ ముట్టుకోకపోతే, చూసేవాళ్లు నిద్రపోయారనుకుని ఆగిపోతాయి. పదింటికి పెడితే రెండింటికి ఆగడం అందుకే. సెట్టింగుల్లో ‘జనరల్’లోనో, ‘టైమర్’లోనో, ‘పవర్’లోనో ‘ఆటో పవర్ ఆఫ్’ అని ఉంటుంది, దాన్ని ‘ఆఫ్’ చెయ్యండి. పక్కనే ‘స్లీప్ టైమర్’ ఉంటే అదీ చూడండి. మీ ఇద్దరికీ అది తెలియకపోతే పక్కింటి కాలేజీ కుర్రాణ్ని పిలవండి, ఐదు నిమిషాల పని. ఆ గదిలో ఒక చిన్న నైట్ ల్యాంప్ కూడా పెట్టండి. డయాలసిస్ అయిన రోజు ఒంట్లో నీరసం ఉంటుంది, ఆయన చీకట్లో లేవకుండా ఉండటం టీవీ కన్నా ముఖ్యం.

ప్రశ్న: సెట్ టాప్ బాక్స్ ఆపగానే టీవీ కూడా ఆగిపోతోంది. ఒక్కోసారి బాక్స్ దానంతటదే ఆగితే టీవీ కూడా పోతోంది. రెండూ ఒకేసారి చెడ్డాయా?
- రిటైర్డ్ టీచర్, టెక్కలి

జవాబు: రెండూ ఒకేసారి చెడలేదు, మాస్టారూ. హెచ్‌డీఎంఐ తీగతో కలిపిన పరికరాలు ఒకదానికొకటి ఆన్, ఆఫ్ ఆదేశాలు పంపుకోగలవు. ఆ సౌకర్యం పేరు సీఈసీ. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపి రెండు రోజులు చూడండి. ఇక బాక్స్ దానంతటదే ఎందుకు ఆగుతోందో తెలియాలంటే, ముందు దాని అడాప్టర్‌ను పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అడాప్టర్ మార్చే సమయం వచ్చింది.

ప్రశ్న: మొన్న ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడింది. ఒక్కసారిగా బల్బులు కళ్లు చెదిరేలా వెలిగాయి, ఫ్యాను పిచ్చిగా తిరిగింది, టీవీ ఆగిపోయింది. కరెంటు బాగుచేశాక టీవీ మామూలుగానే వస్తోంది. తిత్లీ తుపాను నాడు ఇంట్లో ఉన్నవన్నీ పోగొట్టుకున్నవాళ్లం. గాలి వేస్తే చాలు, వణుకు వస్తోంది.
- కొబ్బరి రైతు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: మీ భయానికి కారణం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఆనాడు వేల కరెంటు స్తంభాలు, చెట్లు నేలకూలడం మన ఉద్దానం ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. మొన్న మీ ఇంట్లో జరిగింది మాత్రం వేరు. మట్ట పడి న్యూట్రల్ తీగ తెగినట్టుంది. న్యూట్రల్ తెగితే వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని వెనక ఒకటి తగిలించినట్టవుతాయి. ఏ రెండు ఫేజుల మధ్యైనా సుమారు 400 వోల్టులుంటుంది. దాన్ని ఇళ్లు సమానంగా పంచుకోవు. తక్కువ సామాను నడుస్తున్న ఇంటి మీద ఎక్కువ వోల్టులు పడతాయి, ఎక్కువ నడుస్తున్న ఇంట్లో దీపాలు గుడ్డివెలుగవుతాయి. 230కి తయారైన టీవీ అంత వోల్టేజీ తట్టుకోలేదు. మీది ఆ క్షణంలో ఆగిపోవడం వల్ల మిగిలి ఉండొచ్చు, ఇప్పుడు బాగా పనిచేస్తుంటే లోపల దెబ్బ తగల్లేదనే అనుకోవచ్చు.

ఇకమీదట దీపాలు మామూలు కన్నా బాగా మెరిసినా, ఒక గదిలో మెరిసి ఇంకో గదిలో మసకబారినా టీవీ దగ్గరికి పరుగెత్తకండి. నేరుగా మెయిన్ ఆపండి, తరవాత 1912కి ఫోన్ చెయ్యండి. తెగిన తీగ నేల మీద ఉంటే అందులో కరెంటు లేదని ఎవరు చెప్పినా దగ్గరికి వెళ్లకండి, పశువుల్నీ పోనివ్వకండి. వోల్టేజీ హద్దు దాటితే తానే సరఫరా ఆపేసే ప్రొటెక్టర్‌ను మీటరు తర్వాత పెట్టించుకోవచ్చు. కొబ్బరి తోటల మధ్య నుంచి తీగలు వెళ్లే మన ఊళ్లలో ప్రతి ఇంటికీ అది ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: ఉరుములప్పుడు టీవీ ఆగిపోయింది. పిడుగు మా ఇంటి మీద పడిందా?
- విద్యార్థిని, మందస

జవాబు: ఇంటి మీద పడితే నీకు ఆ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు తల్లీ. దూరంగా పడిన పిడుగు వల్ల కూడా లైన్లో క్షణంపాటు కుదుపు వస్తుంది, దానికే టీవీ ఆగుతుంది. ఇది మామూలే. ఉరుములు మొదలవకముందే ప్లగ్గూ, డిష్ లేదా కేబుల్ తీగా రెండూ తీసెయ్యండి. చాలామంది ప్లగ్గు తీసి తీగ వదిలేస్తారు, దెబ్బ అటువైపు నుంచి వస్తుంది. ఉరుముతుండగా మాత్రం ఏదీ ముట్టుకోకు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. వానాకాలం పొద్దున్నే పెడితే టీవీ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. మధ్యాహ్నం పెడితే రాత్రిదాకా నడుస్తుంది. మా అత్తగారు ఏదో గాలి సోకిందంటున్నారు.
- మత్స్యకార కుటుంబం, నువ్వలరేవు

జవాబు: మీ అత్తగారి మాటలో నిజం ఉంది. సోకింది ఉప్పుగాలి. సముద్రపు గాలిలోని ఉప్పు కంటికి కనిపించనంత సన్నగా టీవీ వెనక ఉన్న సందుల్లోంచి లోపలికి పోయి సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే ఆ పొరా తేమను పీలుస్తుంది. అప్పుడు కరెంటు పోకూడని దారిలో కొద్దికొద్దిగా పోతుంది. తేడా కనిపెట్టిన వెంటనే టీవీ ఆగిపోతుంది. ఎండెక్కి తేమ ఆరాక మళ్లీ మామూలే. అందుకే పొద్దున మొరాయించి మధ్యాహ్నం నడవడం.

ఇలాంటి టీవీకి సర్వీసు చేయిస్తే చాలు. మెకానిక్ బోర్డు బయటికి తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్షుతో కడిగి ఆరబెడతాడు. ఏటా వానలకు ముందు ఒకసారి చేయిస్తే మంచిది. సముద్రం వైపు కిటికీకి ఎదురుగా టీవీ పెట్టకండి. గోడకూ టీవీకీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి. ముసురు రోజుల్లో చూసేది లేకపోయినా రోజూ ఒక గంట నడపండి, లోపలి వేడికి తేమ నిలవదు. ఆపి, చల్లారాక నూలుగుడ్డ కప్పండి, నడుస్తున్నప్పుడు ఏ గుడ్డా కప్పొద్దు. ప్లాస్టిక్ కవరు అసలే వద్దు, తేమ దాని లోపలే ఉండిపోతుంది. తీగలు గుచ్చే రంధ్రాల్లో పచ్చటి చిలుము కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి. తుపానులో నీళ్లు తగిలిన టీవీని పైకి ఎండినట్టు కనిపించినా మెకానిక్ చూడనిదే ప్లగ్గు పెట్టకండి. భావనపాడు, బారువ వైపు వాళ్లకూ, నౌపడ ఉప్పుమడుల పక్కవాళ్లకూ ఇదే చెబుతాను.

ప్రశ్న: టీవీ ఆగింది కదా అని వెనక కేబుల్ పిన్ను కదిపాను. చెయ్యి జివ్వుమంది. అప్పటినుంచి దగ్గరికి వెళ్లాలంటే భయం.
- ఓ పాఠకుడు, సంతబొమ్మాళి మండలం

జవాబు: ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే లోహపు పిన్నుల దగ్గర సన్నటి జివ్వు రావడం ఎక్కువగా చూసేదే. చెయ్యి విదిలించుకునేంత షాకైతే అది మామూలు కాదు, మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇసక నేలలో తేమ నిలవదు, అందుకే మన తీరంలో ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోతుంది. గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. ఆ తీగ మీటరు దాకా ఎక్కడా తెగకుండా ఉందో లేదో చూపించండి. అప్పటిదాకా టీవీ వెనక చెయ్యి పెట్టాలంటే ముందు ప్లగ్గు తియ్యండి, డిష్ తీగో కేబుల్ తీగో కూడా విడదీయించండి.

ప్రశ్న: సాయంత్రం ఆరు దాటితే స్టెబిలైజర్ టిక్కుమంటుంది, టీవీ ఆగుతుంది. పగలు ఏ ఇబ్బందీ లేదు.
- జీడిపప్పు కార్మికురాలు, పలాస

జవాబు: సాయంత్రం వీధంతా దీపాలు, ఫ్యాన్లు, మోటార్లు ఒకేసారి నడుస్తాయి కాబట్టి వోల్టేజీ దిగుతుంది. రావాల్సింది 230, ఆరు శాతం అటూఇటూ, అంటే దాదాపు 216 నుంచి 244 దాకా ఉండొచ్చు. టీవీ వెనక స్టిక్కర్ మీద ‘100-240’ అని ఉందేమో చూడండి. ఉంటే మీ టీవీ ఆ తక్కువ వోల్టేజీని సులువుగా తట్టుకుంటుంది, ఆపేస్తున్నది స్టెబిలైజరే. దాన్ని మెకానిక్‌కు చూపించండి. దీపాలు కూడా బాగా మసకబారుతుంటే మీరొక్కరే కాదు, నలుగురు ఇరుగుపొరుగు కలిసి 1912కి ఫిర్యాదు చెయ్యండి. అది ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం, మీ ఇంటి తప్పు కాదు.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారగానే టీవీ ఆగి మళ్లీ మొదలవుతోంది. ఇలా అయితే చెడిపోతుందా?
- ఓ దుకాణదారు, ఇచ్ఛాపురం

జవాబు: అప్పుడప్పుడైతే చెడిపోదు. ఇన్వర్టర్ వెనక ‘యూపీఎస్’, ‘ఎకో’ లేదా ‘నార్మల్’ అని చిన్న మీట ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి, మార్పు వేగంగా జరిగి టీవీ ఆగకుండా నడుస్తుంది.

ప్రశ్న: టీవీ ఆగిపోయినట్టు చీకటవుతుంది, మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. పానెల్ పోయిందని, దాని ధర కొత్త టీవీ అంత అని ఒకరు చెప్పారు. నిజమా?
- ఓ తల్లి, సోంపేట

జవాబు: వెంటనే నమ్మి డబ్బు పెట్టకండి. గదిలో దీపం ఆపి, మాటలు వినిపిస్తుండగా సెల్‌ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని చూడండి. బొమ్మ మసగ్గా కదులుతూ కనిపిస్తే పానెల్ బాగానే ఉంది, దాని వెనక వెలుగునిచ్చే ఎల్‌ఈడీ పట్టీలో, వాటికి కరెంటిచ్చే భాగమో పోయింది. వాటిని విడిగా మార్చవచ్చు, పానెల్‌తో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. మార్పించుకున్నాక తెర వెలుగు కాస్త తగ్గించి వాడితే ఆ పట్టీలు ఎక్కువ కాలం వస్తాయి.

ప్రశ్న: మా గుంటడు రిమోట్ మీద టీ పోశాడు. ఆనాటి నుంచి టీవీ ఆగుతూ, వెలుగుతూ ఉంది.
- ఓ నాన్నమ్మ, హరిపురం

జవాబు: రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి, ఒకరోజు టీవీ మీదున్న మీటతోనే నడపండమ్మా. ఆగకుండా నడిస్తే తప్పు రిమోట్‌దే, దాని పవర్ బటన్ అతుక్కుపోయింది. కొత్త రిమోట్ కొంటే తీరిపోతుంది, పిల్లాణ్ని కొట్టకండి. అప్పటికీ ఆగుతుంటే టీవీ మీదున్న మీట చెమ్మకు ఇరుక్కుందేమో మెకానిక్‌తో చూపించండి.

ప్రశ్న: పొద్దున్నే ఆన్ చేస్తే టిక్ టిక్ అని నాలుగైదుసార్లు ఆగి, చివరికి వస్తుంది. ఒక్కోసారి ఎర్రదీపం మినుకుమినుకుమంటుంది. నాకు కొంచెం రిపేరు పని తెలుసు. వెనక మూత విప్పి చూడమంటారా?
- డిగ్రీ విద్యార్థి, కంచిలి

జవాబు: వద్దు బాబూ. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచి ఉంటుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో అయితే 20 వేల వోల్టులు దాటుతుంది. నువ్వు చెప్పిన తీరు చూస్తే పవర్ బోర్డు మీద ఒకటో రెండో కెపాసిటర్లు ఉబ్బినట్టున్నాయి. మామూలుగా చదునుగా ఉండే వాటి తల గుమ్మటంలా లేస్తుంది, పని తెలిసిన మెకానిక్ చూడగానే పట్టేస్తాడు. చిన్న ఖర్చుతో పోయే రోగమిది, కానీ ఇలాగే నెలల తరబడి లాగితే మిగతా భాగాలు కూడా దెబ్బతింటాయి. ఎర్రదీపం ఎన్నిసార్లు మినుకుమని ఆగుతోందో లెక్కపెట్టి రాసిపెట్టు, సెల్‌ఫోన్‌లో వీడియో తీసినా సరే. కొన్ని కంపెనీల టీవీలు ఏ భాగంలో తేడా ఉందో ఆ లెక్కతోనే చెబుతాయి. వారంటీ ఉందేమో బిల్లు చూసుకో, ఉంటే కంపెనీ మనిషినే పిలిపించు. బయట బాగుచేయిస్తే మార్చిన పాత భాగాలు అడిగి తీసుకో.