సినిమా హాలులో పైప్ ఆర్గన్

తార్నాక నుండి ఉస్మానియా ప్రాంగణానికి వెళ్ళి భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఇదొక చక్కని లెక్క. దేవాలయంలోని హార్మోనియం పలికేది లోహపు రీడులతో. పైప్ ఆర్గన్ పలికేది ఎక్కువగా వేణువువంటి గొట్టాలతో. గొట్టం పొడవు రెట్టింపైతే నాదం ఒక స్థాయి దిగుతుంది.

మూకీ చిత్రాల కాలంలో, 1910లో, రాబర్ట్ హోప్-జోన్స్ అమెరికాలోని వుర్లిట్జర్ సంస్థలో చేరాడు. 61 మెట్లకు నాలుగు స్థాయిలలో వేర్వేరు వరుసలు పెడితే 244 గొట్టాలు కావాలి. ఆయన పద్ధతిలో ఒకే వరుసను పొడిగించి విద్యుత్తుతో కలిపితే 97 చాలు. గొట్టాలను గదిలో బిగించి, ముందు రెక్కల తలుపులు అమర్చేవారు. అవి తెరిస్తే నాదం పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది.

1927 తరువాత టాకీలు వచ్చి ఈ వాద్యాలు మూలపడ్డాయి. పాతదాన్ని తిరిగి నిలబెట్టేవారు మొదట చూడవలసింది గాలి కారుతున్నదా అని. గాలి నిలకడగా లేకపోతే శ్రుతి నిలవదు. మీ గుడిలో మూలనున్న హార్మోనియాన్నీ పారవేయకండి. ముందు దాని తిత్తిని పరీక్షించండి.