తడిసిన గోడ ఎండిందని ఎట్లా తెలుస్తుంది?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంట్లోకి వరద నీళ్ళు వచ్చిపోయినాక ఆ ఇంటిని మళ్ళీ ఎండబెట్టుకోవడం కూడా ఆ రెండింటికి తీసిపోని పనే. అయితే ఆ పనిని మనం పనిగా చూడం. "నాలుగు ఎండలు కాస్తే అదే ఎండుతుంది" అని వదిలేస్తాం. ఇది సరికాదని, గోడలు ఎండబెట్టడానికి కూడా ఒక శాస్త్రం ఉన్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూసీ మన వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుడుతుంది. కాగ్నా తాండూరు పక్క నుండి పారి కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. కొండల మీద గట్టి వాన పడితే ఈ రెండు నదుల ఒడ్డున ఉన్నవారికి నిద్ర ఉండదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేల ప్రాణాలు తీసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు అదే నగరంలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డాయి. పడిపోయిన ఇల్లు అందరికీ కనబడుతుంది. తడిసి నిలబడ్డ ఇంటి బాధ మాత్రం ఇంటివాళ్ళకే తెలుస్తుంది.

కందులకు ఒక న్యాయం, గోడకు ఒక న్యాయమా?

మాది వ్యవసాయ కుటుంబం. తాండూరు కంది పేరు అందరికీ తెలిసిందే. కళ్ళంలో ఎండబోసిన కందుల్ని మా నాయన పంటి కింద కొరికి చూస్తాడు. టక్కున విరిగితేనే సంచులకు ఎత్తుతాడు. కొనుగోలు కేంద్రంలో అది కూడా చాలదు. తేమ కొలిచే మిషన్‌లో పోసి చూస్తారు, 12 శాతం దాటితే వెనక్కి పంపుతారు. పైకి ఎండినట్టు కనబడే గింజ లోపల తడిగా ఉంటే బూజు పడుతుందని రైతుకు, వ్యాపారికి ఇద్దరికీ తెలుసు. మరి అదే రైతు, అదే వ్యాపారి ఇంటి గోడను చేత్తో తడిమి, "ఎండింది, సున్నం వేయండి" అంటారు. బి.యస్‌సి. చదువుతున్న నాకు ఈ తేడా వింతగా తోచింది.

గోడలో ఎన్ని నీళ్ళు?

ఇటుకలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. నీరు వాటి గుండా పైకి పాకుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని కేశనాళికీయత అంటారు. దీపం వత్తిలోకి నూనె ఎక్కడం ఇదే. రంధ్రం ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు పోతుంది. 0.1 మిల్లీమీటరు వ్యాసార్ధం గల నాళంలో సుమారు 15 సెంటీమీటర్లు, 0.01 మిల్లీమీటరు నాళంలో సుమారు మీటరున్నర ఎత్తుకు ఎక్కగలదు. అందుకే ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే, కొన్నాళ్ళకు చెమ్మ నడుము దాకా కనబడుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 3 మీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల మందం గల ఇటుక గోడ ఒక మీటరు ఎత్తు వరకు తడిసిందనుకోండి. ఆ భాగం బరువు సుమారు 1,240 కిలోలు. అందులో 10 శాతం నీరు చేరితే దాదాపు 120 లీటర్లు! ఎనిమిది బిందెల నీళ్ళు ఒక్క గోడలోనే దాగి ఉన్నాయన్న మాట. ఇవి ఆవిరి కావడానికి కావలసిన వేడి ఇంచుమించు 80 యూనిట్ల కరెంటుతో సమానం. ఎండ, గాలి మనకు ఈ పని ఉచితంగా చేసిపెడతాయి. కాని వాటికి సమయం ఇవ్వాలి, దారి ఇవ్వాలి.

కిటికీ తెరిస్తే చాలా?

అన్నివేళలా చాలదు. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే మోయగలదు. ముసురు పట్టిన రోజు సాపేక్ష ఆర్ద్రత 90 శాతం ఉంటే, ఆ గాలిలో ఇంక 3 గ్రాములకే చోటుంటుంది. ఎండపొద్దున ఆర్ద్రత 40 శాతానికి దిగితే 18 గ్రాములకు చోటుంటుంది. అంటే ఆరు రెట్లు. కాబట్టి పొడిగాలి వీచేటప్పుడు తలుపులన్నీ బార్లా తెరవాలి. ముసురు వేళ బయటి తడిగాలిని లోపలికి పిలిచినా లాభం తక్కువ.

కొందరు తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెడతారు. ఇది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

ఇతర దేశాల్లో ఇళ్ళు ఎండబెట్టడమే వృత్తిగా చేసేవారున్నారు. అమెరికాలో ఈ పనికి ఎస్ 500 అనే ప్రామాణిక గ్రంథం ఉంది. వచ్చిన నీరు మంచిదా, మురికిదా, మురుగుదా అని వారు మూడు తరగతులుగా విడదీస్తారు. ముందు మోటారుతో నీళ్ళు తోడి, బురద కడిగి, తడిసిన పరుపులు, చెక్కలు బయటికి తీస్తారు. తర్వాత నేల పొడుగునా గాలి కొట్టే ఫ్యాన్లు, గాలిలోని తేమను లాగే యంత్రాలు నడుపుతారు. ఆ యంత్రంలో చల్లని తీగచుట్ట ఉంటుంది. చల్లనీళ్ళ గ్లాసు బయట చెమట పట్టినట్టే దాని మీద గాలిలోని ఆవిరి నీరై కారిపోతుంది.

అయితే యంత్రాల కన్నా గొప్పది వారి పద్ధతి. ప్రతిరోజూ గోడలో తేమ కొలిచి పుస్తకంలో రాస్తారు. అదే ఇంట్లో తడవని గోడను కూడా కొలిచి, తడిసిన గోడ దానితో సమానమైనప్పుడే పని అయిందంటారు. అంతవరకు గోడను మూయరు.

మన ఇళ్ళ సంగతి

మన దగ్గర మూడు రకాల ఇబ్బందులున్నాయి. మొదటిది తాండూరు బండల నేల. బండ నీళ్ళను తొందరగా పీల్చదు. తుడిస్తే గంటలో తళతళలాడుతుంది. కాని సందుల గుండా దిగిన నీరు బండ కింది ఇసుకలో, మొరంలో నిలిచి ఉంటుంది. అది సందుల గుండానే తిరిగి రావాలి. కాబట్టి బండల మీద చాపలు, ప్లాస్టిక్ పట్టాలు పరవకూడదు.

రెండవది మట్టిగోడ. తడిసిన మట్టికి బలం తగ్గుతుంది. వాన వెలిసిన రెండు మూడు రోజులకు కూడా ఇటువంటి గోడలు కూలుతాయి. నల్లరేగడి నేలైతే తడికి ఉబ్బి, ఎండకు కుంగి పునాదిని కదిలిస్తుంది. తడిసిన మట్టిగోడ పక్కన పిల్లల్ని, ముసలివాళ్ళను పడుకోబెట్టకూడదు. సామాను తడిస్తే మళ్ళీ కొనుక్కోవచ్చు.

మూడవది మన తొందర. పండగో, పెళ్ళో దగ్గర పడిందని తడిగోడ మీద సిమెంటు గిలాబు చేసి, ఆయిల్ పెయింటు వేస్తాం. లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. అది ఉప్పును వెంటబెట్టుకుని వేరే చోట బయటపడుతుంది. తెల్లగా పూసి, పెచ్చులూడుతుంది. ఖర్చు రెండింతలు. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది. మందపు గోడ దానంతటది ఎండటానికి ఒక్కో అంగుళానికి ఒక నెల అని ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెబుతారు. ఆ లెక్కన తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది నెలలు.

మనం చేయగలిగినవి

యంత్రాలు లేకున్నా ఈ కిందివి ఎవరైనా చేయవచ్చు.

1. నీళ్ళు తీయకముందే మెయిన్ ఆపాలి. స్విచ్ బోర్డులు ఎలక్ట్రీషియన్ చూసినాకనే కరెంటు ఇవ్వాలి.

2. తడిసిన వస్తువులను ఒకటి రెండు రోజుల్లోపే బయటికి తీయాలి. ఆ తర్వాత బూజు మొదలవుతుంది. ఆయాసం ఉన్నవారికి అది ముప్పు.

3. బీరువాలు, గాదెలు, బస్తాలు గోడకు జానెడు దూరం జరపాలి.

4. చెమ్మ ఎక్కడిదాకా ఉందో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేయాలి. వారం వారం చూడాలి.

5. గీత దిగిపోయినాక, యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కాగితాన్ని కడిగి ఆరబెట్టి, అడుగు చదరం ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించాలి. మరునాడు తీస్తే లోపలి వైపు నీటి చుక్కలుంటే గోడ ఇంకా ఎండలేదన్న మాటే. చుక్కలు లేకుంటే మరో రెండు చోట్ల చూసి, అప్పుడు మేస్త్రీని పిలవాలి.

విద్యార్థి మిత్రులారా! గోడలో తేమ కొలిచే చిన్న పరికరం ఖర్చు ఒక గది గిలాబు ఖర్చుతో పోలిస్తే ఎంతో తక్కువ. ప్రతి గ్రామ పంచాయతీలో ఒకటి ఉంటే ఊరంతటికీ పనికొస్తుంది. వరద తర్వాత మన జాతీయ సేవా పథకం విద్యార్థులు బియ్యం, దుప్పట్లు పంచడంతో ఆగకుండా, ఇంటింటికీ పోయి గోడల మీద గీతలు గీసి, వారం వారం లెక్క రాసిపెడితే ఎందరో పేదల డబ్బు మిగులుతుంది. కందుల తేమ కొలవనిదే కొనం. పిల్లలు పడుకునే గదికి అంతపాటి జాగ్రత్త అవసరం లేదా? ఆలోచించండి.